ఎనిమిదో తరగతి పాపకు పదిహేను వేలలో ఏ ఎయిర్ రైఫిల్ కొనాలి?

హన్మకొండ నయీంనగర్ నుంచి ఒక తమ్ముడు అడిగిండు. కూతురు ఎనిమిదో తరగతి. పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్‌ను చూసినప్పటి నుంచి షూటింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టిందట. "అన్నా, పదిహేను వేలు దాటకుండా ఒక మంచి రైఫిల్ చెప్పు. ఆన్‌లైన్‌లో ఒకటి చూసిన, 1000 ఎఫ్‌పీఎస్ అంటున్నరు, స్కోప్ ఫ్రీ అంటున్నరు. తీసుకోవాలా? డాబా మీద ప్రాక్టీస్ చేయొచ్చా?" ఇదీ ప్రశ్న. ఎఫ్‌పీఎస్ అంటే పెల్లెట్, అదే రైఫిల్‌లో పెట్టి కొట్టే చిన్న గుండు, సెకనుకు ఎన్ని అడుగులు పోతుందో ఆ లెక్క. స్కోప్ అంటే గురి చూడటానికి రైఫిల్ మీద బిగించే చిన్న దుర్బీను.

తమ్ముడూ, ఆ రైఫిల్ కొనకు. డాబా సంగతి తర్వాత చెప్తా. ముందు ఎందుకు వద్దంటున్నానో విను.

కాలేజీలో ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్ పట్టుకున్నప్పుడు మొదలైంది నా షూటింగ్. ఎయిర్ రైఫిల్‌తో ఇరవై ఏళ్ళ పైనే గడిచింది. నేను మొదట కొన్న రైఫిల్ కూడా నువ్వు చూసినలాంటిదే. బాగా పవర్ ఉన్నదని ఆశపడి కొన్నా. ఇంటికి తెచ్చి పది మీటర్ల దూరంలో అట్టముక్క పెట్టి ఐదు దెబ్బలు కొడితే, రంధ్రాలు నా అరచేయంత మేర చెల్లాచెదురుగా పడ్డాయి. నా చేతిదే తప్పనుకుని నెల రోజులు అదే పని మీద ఉన్నా. తర్వాత ఒక పెద్దాయన తన పాత తక్కువ పవర్ రైఫిల్ చేతికిచ్చాడు. అదే దూరం, అదే అట్టముక్క, అదే చెయ్యి. ఐదు రంధ్రాలూ రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. నాది అమ్మేసేనాటికి సగం ధర కూడా రాలేదు. ఆ డబ్బు నీకు పోవద్దనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

పాప నేర్చుకోవాలనుకుంటున్నది పది మీటర్ల ఆట. మనూది పిస్టల్, మనం మాట్లాడేది రైఫిల్, కానీ దూరం రెండింటికీ ఒకటే. ఐనవోలు జాతరలో బుడగలు కొట్టే కొట్టు దగ్గర నిలబడి నువ్వూ తుపాకీ పట్టే ఉంటావు. అక్కడ దూరం నాలుగడుగులు, బుడగ పిడికిలంత. పది మీటర్ల రైఫిల్ కార్డు, అంటే గురిపెట్టి కొట్టే అట్ట మీద అన్నిటికంటే పెద్ద వలయం, అంటే ఒక పాయింటు వలయం, 45.5 మిల్లీమీటర్లు. మధ్యలో కనిపించే నల్ల గుండ్రం 30.5 మిల్లీమీటర్లు. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. బాల్‌పెన్ను మొన ఆనించి తీస్తే పడే చుక్క అంత. పెల్లెట్ వెడల్పే 4.5 మిల్లీమీటర్లు, అంటే చుక్కకు తొమ్మిదింతలు. ఇంత చిన్న గుర్తు మీద అరవై సార్లు ఒకే చోట కొట్టాలి. అలాంటి ఆటలో పెల్లెట్ ఎంత వేగంగా వెళ్ళిందని ఎవరూ చూడరు. ప్రతిసారీ ఒకేలా వెళ్ళిందా లేదా అన్నదే లెక్క.

ఒలింపిక్స్‌లో వాళ్ళు వాడే రైఫిళ్ళు, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ష్టైర్ లాంటివి, పెల్లెట్‌ను సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో మాత్రమే పంపిస్తాయి. ఎఫ్‌పీఎస్‌లో చెప్పాలంటే 560 చుట్టూ. లక్షల విలువ చేసే రైఫిల్‌కు 560 సరిపోతుంటే మనకు 1000 ఎందుకు చెప్పు?

ఆ ప్రకటనలో ఇంకో చిక్కు ఉంది. పోటీల్లో వాడే మామూలు మ్యాచ్ పెల్లెట్ 0.53 గ్రాములు ఉంటుంది. దాన్ని నిజంగా 1000 ఎఫ్‌పీఎస్‌తో, అంటే సెకనుకు 305 మీటర్లతో పంపిస్తే శక్తి 24 జౌళ్ళు దాటుతుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్ళు దాటినా, బోరు, అంటే బారెల్ లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు దాటినా ఆ ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ కావాలి. మరి లైసెన్స్ లేకుండా అమ్ముతూ 1000 అని ఎలా రాస్తారంటే, 0.35 గ్రాముల తేలికపాటి పెల్లెట్‌తో కొలుస్తారు. ఆ పెల్లెట్‌తో అదే వేగం వచ్చినా శక్తి 16 జౌళ్ళ దగ్గరే ఉంటుంది. పెట్టె మీది అంకె చూసి మనం మురిసిపోతాం, ఆ పెల్లెట్‌తో మనం ఎన్నడూ ప్రాక్టీస్ చేయం.

పవర్ ఎక్కువైతే గురి ఎందుకు చెడుతుందో కూడా తెలుసుకో, రేపు పాపకు చెప్పాల్సింది నువ్వే. మన ధరలో దొరికేవి ఎక్కువగా స్ప్రింగ్ రైఫిళ్ళే. బారెల్ వంచినప్పుడు లోపల స్ప్రింగ్ నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తన్నుతుంది. పిస్టన్ చివరికి పోయి, తన ముందు దిండులా నొక్కుకుపోయిన గాలికి కొట్టుకోగానే రైఫిల్ ఈసారి ముందుకు జరుగుతుంది. ఈ రెండు కుదుపులూ పెల్లెట్ ఇంకా బారెల్‌లో ఉండగానే మొదలైపోతాయి. స్ప్రింగ్ ఎంత బలమైనదైతే కుదుపు అంత గట్టిది. అందుకే స్ప్రింగ్ రైఫిల్‌ను గట్టిగా బిగించి పట్టుకోకూడదు. ఎడమ అరచెయ్యి తెరిచి పెడితే దాని మీద రైఫిల్ ఊరికే కూర్చోవాలి. భుజానికి మెత్తగా ఆనాలి. ప్రతి దెబ్బకూ చెయ్యి అదే చోట ఉండాలి, అంగుళం ముందుకు జరిగినా పెల్లెట్ పడే చోటు మారుతుంది. ఈ పట్టు కుదరడానికి పెద్దవాళ్ళకే రెండు మూడు నెలలు పడుతుంది. బలమైన రైఫిల్‌తోనైతే పిల్లలకు కుదరనే కుదరదు, పాపం వాళ్ళు తమకు చేతకాదని వదిలేస్తారు. అట్లా వదిలేసిన పిల్లలను చూశాను కాబట్టే ఈ మాట ఇంత గట్టిగా చెప్తున్నా.

స్ప్రింగ్ బదులు గ్యాస్ ఉండే నైట్రో పిస్టన్ రైఫిళ్ళు కూడా ఉన్నాయి. స్ప్రింగ్ అలిసిపోవడమనే బాధ వాటికి లేదు. కానీ కుదుపు పొట్టిగా, చురుక్కుమని ఉంటుంది. చిన్నపిల్లకు నేను స్ప్రింగే చెప్తా. సిలిండర్‌లో గాలి నింపి కొట్టే పీసీపీలో కుదుపు ఉండదు, గురి నేర్చుకోవడానికి అదే అన్నిటికంటే మేలు. కానీ రైఫిల్ ధరకు తోడు గాలి నింపే పంపో, సిలిండరో కావాలి, నీ పదిహేను వేలలో తేలదు. ఎవరైనా పాత మ్యాచ్ రైఫిల్ చవకగా ఇస్తామంటే దాని ఎయిర్ సిలిండర్ మీద తయారీ తేదీ చూడు. ఆ సిలిండర్ల ఆయుష్షు పదేళ్ళు. గడువు దాటిన దానిలో 200 బార్ ఒత్తిడితో గాలి నింపడం ప్రాణాలతో చెలగాటం, పోటీల్లో కూడా ఒప్పుకోరు.

ఇక కంపెనీల విషయం. మన దేశంలో తయారయ్యేవాటిలో ప్రెసిహోల్, ఎస్‌డీబీ, ఐహెచ్‌పీ, నేషనల్ పేర్లు నీకు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్‌లో కూడా ఒక పీస్ బాగా ఉంటుంది, పక్క పీస్ అంతంతమాత్రం. అందుకే మోడల్ పేరు రాసివ్వను, పీస్‌ను ఎట్లా పరీక్షించాలో చెప్తా. వీలైతే ఆన్‌లైన్ వద్దు, దుకాణానికి పో. పాపను వెంట తీసుకుపో.

మొదట పాప చేత కాకింగ్ చేయించు, అంటే బారెల్ వంచి స్ప్రింగ్ ఎక్కించడం. పవర్ ఎక్కువున్న వాటికి పదిహేను కిలోల బరువు లాగినంత బలం కావాలి. ఒకసారి చేస్తే సరిపోదు, ప్రతిసారీ పెల్లెట్ పెట్టి కొడుతూ పది సార్లు చేయించు. ఆరోసారికే ముఖం ఎర్రబడితే ఆ రైఫిల్ పక్కన పెట్టేయ్. రోజుకు నలభై, యాభై దెబ్బలు కొట్టాల్సిన పిల్ల అది. ఇంకొకటి, బారెల్ వంచిన తర్వాత పెల్లెట్ పెట్టి మళ్ళీ మూసేదాకా రెండో చెయ్యి బారెల్ మీద నుంచి తీయకూడదు. పొరపాటున ట్రిగ్గర్ తగిలి బారెల్ ఎగిరిందంటే వేళ్ళు నలిగిపోతాయి. ఈ అలవాటు మొదటి రోజే పడాలి.

తర్వాత స్టాక్, అంటే భుజానికి ఆనే కట్టె భాగం పొడవు. రైఫిల్ వెనక భాగాన్ని పాప మోచేతి మడతలో ఆనించి చెయ్యి ముందుకు చాపమను. చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కు సుఖంగా అందాలి. వేలి కొస మాత్రమే అందితే పిల్ల మెడ సాచి, నడుము మెలిపెట్టి గురి చూస్తుంది, ఆ భంగిమ తర్వాత మార్చడం ఎంతో కష్టం.

ట్రిగ్గర్ దగ్గర తొందరపడకు. డబ్బు పెట్టాల్సింది అసలు దీని మీదే. మంచి ట్రిగ్గర్ మొదట కొద్దిగా వదులుగా జరిగి, ఒక చోట గోడకు ఆనినట్టు ఆగుతుంది. అక్కడి నుంచి కొంచెం ఒత్తితే టప్పున వదలాలి. ఆ గోడ తెలియకుండా జీళ్ళపాకం లాగినట్టు సాగుతూ పోతే ఎప్పుడు పేలుతుందో పాపకు అంచనా దొరకదు. ఇది చూడటానికి ఖాళీగా పేల్చకండి. పెల్లెట్ లేకుండా పేలిస్తే పిస్టన్‌కు గాలి దిండు దొరక్క, లోపల ఇనుము ఇనుముకు కొట్టుకుని సీల్, అంటే గాలి లీక్ కాకుండా ఆపే వాషరు పాడవుతుంది. దుకాణంలో పెల్లెట్ పెట్టి కొట్టే ఏర్పాటు ఉంటే అక్కడే చూడు. రైఫిల్ తెచ్చి ఖాళీగా టక్ టక్ పేల్చి చూపించే దుకాణదారు దగ్గర ఆ పీస్ మాత్రం తీసుకోకు, పెట్టె విప్పని ఇంకోటి అడుగు.

బారెల్ బిగువు చూడటానికి, మూసిన రైఫిల్ స్టాక్ ఒక చేత్తో గట్టిగా పట్టుకుని ఇంకో చేత్తో బారెల్‌ను పక్కకు కదిలించు. ఇసుమంత కూడా ఆడకూడదు. ఆడిందంటే ప్రతి దెబ్బకూ గురి ఒక దిక్కు, బారెల్ ఒక దిక్కు. బారెల్ మూసుకునే అతుకు మీద చిన్న టిష్యూ ముక్క పెట్టి, రైఫిల్‌ను ఎవరి వైపూ లేకుండా కింది అట్టపెట్టెలోకి గురిపెట్టి, పెల్లెట్‌తో కొట్టించు. ముక్క ఎగిరిందంటే అక్కడ గాలి లీకవుతున్నట్టు. చివరగా కాకింగ్ చేయని, పెల్లెట్ లేని రైఫిల్ మూతి అంచు చుట్టూ కొద్దిగా దూది తిప్పు. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ గీటు ఉన్నట్టు. పెల్లెట్ బయటికి వచ్చే ఆఖరి క్షణంలో ఆ గీటే దాన్ని పక్కకు నెడుతుంది.

ఫ్రీ స్కోప్ మాట మరిచిపో. స్ప్రింగ్ రైఫిల్ రెండు వైపులా కుదుపుతుంది కాబట్టి చవక స్కోప్ అద్దాలు కొన్నాళ్ళకే కదిలిపోతాయి. పైగా చాలా స్కోప్‌లు దూరానికి సెట్ చేసినవి, పది మీటర్లలో బొమ్మ మసక మసకగా కనిపిస్తుంది. పది మీటర్ల పోటీల్లో స్కోప్‌కు చోటే లేదు. స్కూల్ గేమ్స్‌లో ఓపెన్ సైట్ (గాడిలోంచి గురి చూసేది) రైఫిల్ వేరు, పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) రైఫిల్ వేరుగా విభాగాలు ఉంటాయి. పాప ఓపెన్ సైట్‌తో మొదలుపెట్టాలి. రైఫిల్ మీద సైట్ బిగించుకునే 11 మిల్లీమీటర్ల పట్టా (రైల్) ఉందో లేదో మాత్రం చూసి తీసుకో, ఏడాది తర్వాత పీప్ సైట్ బిగించుకోవచ్చు. గురి చూసేటప్పుడు కన్ను ఫోర్‌సైట్, అంటే బారెల్ కొసన ఉండే గురి ముక్క మీద ఉండాలి. అది స్పష్టంగా, కార్డు కొంచెం మసకగా కనిపించాలి. పిల్లలు కార్డు వైపే చూస్తారు, పదే పదే గుర్తు చేయాలి.

పదిహేను వేలూ రైఫిల్‌కే పెట్టకు. పది, పదకొండు వేల లోపు ముగించి మిగిలింది పెల్లెట్లకు, కార్డులకు, కళ్ళద్దాలకు ఉంచుకో. ఒక్కో బారెల్‌కు ఒక్కో పెల్లెట్ పడుతుంది, అది కొట్టి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. ముక్కు బల్లపరుపుగా ఉండే వ్యాడ్‌కట్టర్ పెల్లెట్లే తీసుకో, అవి కార్డు మీద పంచ్ కొట్టినట్టు గుండ్రటి రంధ్రం చేస్తాయి, పాయింట్లు లెక్కపెట్టడం తేలిక. ఒక దేశీ డబ్బా, ఒక గామో మ్యాచ్, దొరికితే ఒక ఆర్‌డబ్ల్యూఎస్ లేదా హెచ్ అండ్ ఎన్ తీసుకుని ఒక్కోదానితో ఐదేసి దెబ్బల గ్రూపులు మూడు కొట్టు. అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య దూరం స్కేలుతో కొలిచి కార్డు వెనక తేదీతో సహా రాసిపెట్టుకో. ఏ పెల్లెట్‌కు గ్రూపు చిన్నదో ఇక అదే వాడు. నా దగ్గరున్న ఒక రైఫిల్‌కు ఖరీదైన డబ్బా కంటే దేశీ పెల్లెట్టే బాగా కుదిరింది, కాకపోతే పెల్లెట్లను ఒక్కొక్కటి తీసి అంచు వంగినవాటిని ఏరేయాలి. సాయంత్రం పాపతో కూర్చుని ఆ పని చేయి. తెల్ల కాగితం మీద దొర్లిస్తే అంచు వంగిన పెల్లెట్ ఎగుడుదిగుడుగా దొర్లుతుంది, మంచిది నున్నగా వంపు తిరుగుతుంది. అయిపోయాక ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పెల్లెట్లు సీసంవి. నోట్లో పెట్టుకోవడం, పల్లీలు తింటూ కొట్టడం అసలే పనికిరాదు.

ఇప్పుడు డాబా. నయీంనగర్‌లో డాబాకు డాబా అతుక్కుని ఉంటుంది. పక్కింటి పిట్టగోడ మీద బట్టలారేసే ఆమె ఉంటుంది, గాలిపటం ఎగరేసే పిల్లలుంటారు. గురి తప్పిన పెల్లెట్ రెండు మూడు వందల మీటర్లు పోగలదు, కంటికి తగిలితే కన్ను పోతుంది. కాబట్టి తెరిచి ఉన్న డాబా మీద వద్దు. ఇంట్లో హాలు నుంచి పడకగది దాకా తలుపు తెరిస్తే పది మీటర్లు వస్తుందేమో టేపుతో కొలువు. ఎనిమిది మీటర్లే వచ్చినా చిన్న కార్డు ప్రింట్ తీసుకుని మొదలుపెట్టొచ్చు. ఆ దారిలో పక్కనుంచి తెరుచుకునే తలుపు ఉంటే లోపలి నుంచి గొళ్ళెం పెట్టాలి. కొట్టే టైంలో ఇంట్లో అందరూ షూటర్ వెనకే ఉండాలి.

పెల్లెట్లు ఆపడానికి అడుగున్నర వెడల్పు, అడుగు లోతు ఉండే చెక్క పెట్టె చేయించు. వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్ చాలు. వెనక మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకు, దాని ముందు పాత దుప్పట్లు, గుడ్డపేలికలు గట్టిగా కుక్కి నింపు. ముందు భాగంలో అట్ట, దాని మీద కార్డు. కార్డు మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి, పోటీల్లో అదే కొలత. నెలకోసారి పెట్టె విప్పి పెల్లెట్లు తీసేయ్, ఒకేచోట గుట్టపడితే కొత్త పెల్లెట్ వాటికి తగిలి వెనక్కి రావచ్చు. గోడకు, బండకు, కాంపౌండ్ కడీలకు కార్డు అతికించి ఎప్పుడూ కొట్టవద్దు. ఇనుప బీబీ గుండ్లు ఇంట్లోకి తేనే వద్దు, గట్టి వస్తువుకు తగిలి వేగంగా తిరిగొస్తాయి. కొట్టేవాళ్ళూ, చూసేవాళ్ళూ ఇద్దరూ కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

బిల్లు నీ పేరు మీద తీసుకో. దుకాణంవాళ్ళు ఆధార్ జిరాక్స్ అడుగుతారు, ఇవ్వు. బయటికి తీసుకుపోతే జిప్ ఉన్న బ్యాగులో, బిల్లు కాపీతో. బస్టాండ్‌లోనో రైల్లోనో బయటికి తీసి ఎవరికీ చూపించకు, దూరం నుంచి చూసేవాళ్ళకు అది నిజం తుపాకీయే. ఇంట్లో పాప ఒక్కతే ఉన్నప్పుడు రైఫిల్ బీరువాలో, తాళం నీ జేబులో.

ఇంకో మాట. ఎయిర్‌గన్ గురించి నన్ను అడిగేవాళ్ళలో చాలామందికి కావాల్సింది గురి కాదు, కోతులను కొట్టడం. మనవైపు కోతుల బాధ ఎంతుందో నాకూ తెలుసు, మా ఇంటి జామచెట్టు మీద ఒక్క కాయ మిగలదు. అయినా రైఫిల్‌తో కొడితే కోతి వెంటనే చావదు, గాయంతో వారం రోజులు నరకం పడుతుంది. జంతు హింస నిరోధక చట్టం ఉండనే ఉంది. నెమలినో, పిట్టనో కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. పాకాల, తాడ్వాయి అడవుల వైపు పిక్నిక్‌కు పోయేటప్పుడు రైఫిల్ వెంట తీసుకుపోనే వద్దు. ఇంటికి వచ్చిన బంధువులు ఒకసారి ఇవ్వు, కోతి మీద వేస్తానంటే మొహమాటపడకు. పాప చూస్తుంటుంది.

వాడకంలో ఒక్క జాగ్రత్త చెప్తా, ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. ఒకసారి వరసగా రెండు వారాలు నా గ్రూపులు విచ్చుకుపోయాయి. నిద్ర సరిగా లేదనుకున్నా, చూపు తగ్గిందేమోనని కంటి డాక్టర్ దగ్గరికి కూడా పోయా. చివరికి చూస్తే స్టాక్‌ను పట్టి ఉంచే ముందు స్క్రూ అర చుట్టు వదులైంది, అంతే. స్ప్రింగ్ కుదుపుకు స్క్రూలు మెల్లమెల్లగా వదులవుతాయి. రెండు వందల దెబ్బలకోసారి స్క్రూడ్రైవర్ పెట్టి చూడు. మరీ బిగించకు, కట్టె పగులుతుంది. నూనె బారెల్ వంగే కీలు దగ్గర ఒక చుక్క చాలు. గాలి గదిలోకి నూనె పోస్తే ఒత్తిడికి అంటుకుని ఢాం అంటుంది, సీల్ పోతుంది. ఎక్కించిన స్ప్రింగ్‌ను అట్లాగే వదిలేసి అన్నానికి పోవద్దు.

ఇవన్నీ చదివి టెన్షన్ పడకు. ఏది కొనేముందైనా ఒక ఆదివారం పొద్దున కాజీపేటలో రైలెక్కి పాపను హైదరాబాద్ తీసుకుపో. గచ్చిబౌలి దగ్గర సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో షూటింగ్ రేంజ్ ఉంది. పేరున్న షూటర్లు గగన్ నారంగ్, ఈషా సింగ్ ఇద్దరూ హైదరాబాద్ వాళ్ళే, అందువల్ల నగరంలో నేర్పే అకాడమీలు కూడా బాగానే ఉన్నాయి. వెళ్ళేముందు ఫోన్ చేసి, కొత్త పిల్లలకు రైఫిల్ ఇచ్చి కొట్టించే టైం ఎప్పుడో కనుక్కో. మంచి పీసీపీతో నలభై దెబ్బలు కొట్టి వచ్చాక కూడా పాప వారం రోజుల తర్వాత మళ్ళీ ఎప్పుడు పోదామని అడిగితే, అప్పుడు కొను. అడగకపోతే నీ పదిహేను వేలు నీ దగ్గరే ఉంటాయి.

నేను కాజీపేటలోనే ఉంటా. నా దగ్గర ఐదారు రకాల పెల్లెట్ డబ్బాలు తెరిచినవి ఉన్నాయి, ఒక్కోదాంట్లో ఇరవై చొప్పున పొట్లాలు కట్టి పేర్లు రాసి ఇస్తా, డబ్బాలన్నీ కొనే పని తప్పుతుంది. రైఫిల్ కొన్నాక పాపను తీసుకుని రా, పట్టు ఎట్లా ఉందో చూస్తా. వచ్చేటప్పుడు మొదటి రోజు కొట్టిన కార్డులు పారేయకుండా తీసుకురండి.